సున్నా పెట్టమన్నాడు, పెట్టేశాను

మా సైటులో పనిచేసే ఒక అన్నకు నిరుడు చలికాలంలో పేగు కేన్సర్ అని తేలింది. ఆయనది నిజామాబాద్ వైపు. సెంట్రింగ్ పనిలో దిట్ట, ఇంగ్లీషు మాత్రం అంతంతమాత్రం. అందుకే ఇక్కడ ఎడ్మంటన్‌లో ఆయన ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా దుబాసీగా నేనూ వెళ్లేవాణ్ని.

డాక్టరు రాకముందే ఒక కాగితం చేతికిస్తారు. నొప్పి, అలసట, మగత, వికారం, ఆకలి లేకపోవడం, ఆయాసం, డిప్రెషన్, ఆందోళన, మొత్తమ్మీద ఎలా ఉంది అని తొమ్మిది వరసలు. ఒక్కోదానికి 0 నుంచి 10 దాకా అంకె వేయాలి. ఐదు నిమిషాలు కూడా పట్టదు.

"డిప్రెషన్ ఉందా అన్నా?" అని అడిగాను. "నాకేమన్న పిచ్చా తమ్మీ? సున్నా పెట్టు" అన్నాడు. పెట్టేశాను. మూడుసార్లూ అంతే. నాలుగోసారి నర్సు ఆ మాట పక్కనే ఉన్న చిన్న వివరణ మీద వేలు పెట్టి చూపించింది. మనసు బాధగా ఉందా అనే దాని అర్థం. అలాగే అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "రాత్రి నిద్ర పడ్తలేదు తమ్మీ. బిడ్డ పెండ్లి అప్పు తీరలే. జీతం ఆగిపాయె" అన్నాడు. ఏడు వేయమన్నాడు. మూడుసార్లు తప్పు జరిగింది నా తెలుగు వల్లే.

ఆ కాగితం పేరు ఎడ్మంటన్ సింప్టమ్ అసెస్‌మెంట్ సిస్టమ్. 1991లో ఎడ్వర్డో బ్రూయెరా అనే డాక్టరూ ఆయన సహచరులూ ఈ ఊళ్లోనే తయారు చేశారు. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. న్యూయార్క్‌లో జిమ్మీ హాలండ్ బృందం 1998లో థర్మామీటర్ బొమ్మతో ఇంకోటి తెచ్చింది. అందులో నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకా వివరంగా అడగాలని లెక్క. జ్వరం, నాడి, శ్వాస, బీపీ, నొప్పి తర్వాత మనోవేదనను ఆరో ప్రాణ సంకేతంగా కెనడా 2004లో గుర్తించింది. దానికోసం గట్టిగా పట్టుబట్టినవాళ్లలో కాల్గరీకి చెందిన బారీ బుల్ట్స్ ఒకరు.

మన భాషలో చెప్పాలంటే ఇది స్లంప్ టెస్ట్ లాంటిది. కోన్ ఎత్తగానే మాలు పలచనైందో లేదో తెలుస్తుంది. అసలు బలం తేలాలంటే 28 రోజుల తర్వాత సిలిండర్ నలగ్గొట్టాల్సిందే. అలాగే ఏడు వేసినంత మాత్రాన జబ్బు అని తేల్చరు, కూర్చోబెట్టి అడుగుతారు. అడిగేవాళ్లు లేకపోతే మాత్రం అది ఉత్త కాగితమే.

అన్న దగ్గరికి సోషల్ వర్కర్ వచ్చింది. ఉద్యోగ బీమా కింద అనారోగ్య భత్యం సంగతి ఆమె చెప్పేదాకా మా ఇద్దరికీ తెలీదు. 600 గంటలు పనిచేసి ఉంటే 26 వారాల దాకా, ఒక పరిమితికి లోబడి జీతంలో 55 శాతం వస్తుంది. దిగులు సగం డబ్బుదే కదా!

ఈ కాగితం కంపెనీకి పోతుందేమో, పర్మిట్ పోతుందేమో అని అన్న భయపడ్డాడు. అది వైద్య రికార్డు. మీరు ఒప్పుకోకుండా యజమానికి చూపించరు. ఇంకోమాట, ఇంటివాళ్ల ముందు, నాలాంటి తెలిసినవాళ్ల ముందు నోరు విప్పలేకపోతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. మొహమాటం వద్దు.

మొన్నటిసారి పెన్ను నా చేతిలోంచి తీసుకుని తనే వేసుకున్నాడు. అలసటకు ఆరు, ఆకలికి రెండు. దిగులు దగ్గర కాస్త ఆగి, మూడు వేశాడు.