నుదురు ఆనే చోటు

శుక్రవారం జుమా వేళ నల్గొండలో ఒక మసీదు వెనక వరుసలో కూర్చున్నాను. ఇమామ్ ‘అల్లాహు అక్బర్’ అనగానే వరుసలన్నీ ఒక్కసారి నేలకు వంగాయి. సజ్దాలో ఎవరి నుదురైనా ముందు మనిషి మడమలకు జానెడు దూరంలోనే ఆగుతుంది. ఆ మడమలు ఎవరివి కావాలో కోరుకునే వీల్లేదు. నా ముందు ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీ ఆసామి, అత్తరు ఘుమఘుమ. ఆయన నుదుటి ముందు తాపీపని మనిషి మడమలు. నమాజుకు ముందు వజూలో ఎంత కడిగినా పగుళ్లలో ఎండిన సిమెంటు తెల్లగా అలాగే ఉంది.

రోజుకు తప్పనిసరి (ఫర్జ్) నమాజులు ఐదు, రకాత్‌లు 17, రకాత్‌కు రెండేసి సజ్దాలు. అదనంగా చదివే సున్నత్‌లు కలపకుండానే 34 సార్లు నుదురు నేలకు ఆనాలి. బడాయి ఒకసారి కడిగితే పోయే మురికి కాదు, రోజూ పట్టే పాచి అని తెలిసి వేసిన లెక్కలా ఉంటుంది ఇది.

‘బడాయి’ మనకు ఉర్దూ నుంచే వచ్చింది. అక్కడ పెద్దతనమనే అర్థమూ ఉంది, మన దగ్గర మాత్రం లేని పెద్దతనమే. మసీదు బయానుల్లో దీన్నే ‘తకబ్బుర్’ అంటారు. ఖురాన్‌లో ఆ జబ్బు మొదట పట్టింది ఇబ్లీస్‌కు. మట్టితో చేసిన ఆదమ్ ముందు వంగమని దేవుడంటే ఫరిష్తాలు వంగారు, ఇబ్లీస్ వంగలేదు. దేవుడు లేడని వాడు అనలేదు. వాడి పేచీ అంతా పుట్టుక మీదే: నేను నిప్పులోంచి వచ్చాను, వీడు మట్టిలోంచి, నేనే మేలు. పిల్లలకు దీన్ని షైతాన్ కథగా చెప్పి వదిలేస్తారు. నాకైతే ఇది కులం కథ.

మట్టిని చిన్నచూపు చూసిన ఆ మాట పాలమూరులో వింటే మరింత గుచ్చుకుంటుంది. ఎర్ర చల్కల్లో వాన కోసం చూసి చూసి, మేస్త్రీ వెంట దేశమంతా తిరిగి డ్యాములకూ కాలువలకూ మట్టి తవ్విన జిల్లా ఇది. 1890లో దీనికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టి మహబూబ్‌నగర్ అన్నారు. కాగితాల మీద నిజాం పేరుంది, కూలికి పోయినవాళ్లు మాత్రం ‘పాలమూరు లేబర్’ గానే ఊరూరా తెలుసు.

మంచి బట్టలు, మంచి చెప్పులు వేసుకోవాలన్న ముచ్చట కూడా తకబ్బురేనా అని ఒకాయన ప్రవక్తను అడిగాడని హదీసు. కాదన్నారాయన. అల్లాహ్‌కు అందం ఇష్టమేనని చెప్పి, నిజాన్ని తోసిపుచ్చడం, ఎదుటి మనిషిని తక్కువ చేయడం, తకబ్బుర్ అంటే ఈ రెండేనని తేల్చారు. లాల్చీ ఇస్త్రీ తప్పు కాదన్నమాట.

మరి ఎదుటి మనిషిని తక్కువ చేసే పని ఎక్కడ జరుగుతోంది? వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడ్డవాళ్లే పెళ్లి సంబంధం దగ్గర సయ్యదులా, పఠాన్లా, దూదేకులవాళ్లా అని ఆరా తీస్తారు. ఇంట్లో ఉర్దూ కాక తెలుగు మాట్లాడితే ఆ సాయిబు సగం సాయిబే. 2007లో ఉమ్మడి రాష్ట్రం బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టంలో ధోబీ, హజామ్, ఫకీర్, ఖసాబ్ పేర్లు కనబడతాయి. సయ్యద్, మొఘల్, పఠాన్ వర్తించని జాబితాలో ఉన్నారు. మసీదులో ఎవరూ పైకి చదవని పట్టికను సర్కారు అచ్చేసింది. నల్గొండ జిల్లా రచయిత స్కైబాబ 1998లో ‘జల్‌జలా’ పేరుతో ముస్లిం కవిత్వాన్ని, 2004లో ‘వతన్’ పేరుతో ముస్లిం కథల్ని సంకలనం చేశాడు. బయటి వివక్షతో పాటు ఇంటి లోపలి ఎచ్చుతగ్గులనూ ఆ తరం ముస్లిం రచయితలు దాచుకోలేదు.

దాచుకోకపోవడానికి ఖురాన్‌లోనే పెద్ద దాఖలా ఉంది. మక్కా పెద్దలతో మాట్లాడుతుండగా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ అనే అంధుడు వచ్చి మాట కలిపితే ప్రవక్త ముఖం చిట్లించారు. అందుకు ఆయననే తప్పుపడుతూ ‘అబస’ సూరా దిగింది. చూడలేని మనిషి ముందు ముఖం చిట్లించినా తప్పేనట! ఆ మందలింపు ఈరోజుకీ నమాజులో చదువుతారు. ఆ అంధుడు తర్వాత బిలాల్‌తో పాటు మదీనాలో అజాన్ ఇచ్చాడు.

గర్వానికి కారణాలు లెక్కపెట్టిన ఇస్లాం పండితుడు ఇమామ్ గజాలీ వంశం, అందం, డబ్బు, బలగం అన్నీ చెప్పాడు గానీ మొదట పెట్టింది చదువును. జాన్‌పహాడ్ దర్గాలోనో, షాద్‌నగర్ దగ్గరి జహంగీర్ పీర్ దర్గాలోనో మొక్కుగా కందూరు విందు చేసుకునే జనాన్ని ‘జాహిల్’ (చదువులేని మూఢులు) అని నవ్వేవాళ్లను చూస్తే గజాలీ గుర్తొస్తాడు. దర్గా మొక్కులు దీన్‌లో చెల్లుతాయా లేదా అన్న వాదం ఉంటే ఉండనీ. ఆ నవ్వు మాత్రం వాదం కాదు. మర్యాద మాటల్లోనూ ఒక మెత్తని బడాయి ఉంది: తన మేడను ‘గరీబ్‌ఖానా’ (పేదిల్లు) అనీ, ఎదుటివాడి గుడిసెను ‘దౌలత్‌ఖానా’ (సిరిగల ఇల్లు) అనీ పిలిచే తెహజీబ్. మాట వంగుతుంది, మెడ వంగదు.

నేల మీద విర్రవీగి నడవకు, నేలను చీల్చలేవు, కొండలంత ఎత్తు ఎదగలేవు అన్న అర్థంలో ఖురాన్‌లో ఒక హెచ్చరిక ఉంది. నల్గొండలో దానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. బజారులో తలెత్తితే ఒకవైపు కాపురాల గుట్ట, ఇంకోవైపు లతీఫ్ సాహెబ్ గుట్ట.

తెలంగాణలో అంత్యక్రియలకు వెళ్లడాన్ని ‘మట్టికి పోవుడు’ అంటారు, హిందువులైనా ముసల్మానులైనా. ఖబ్రస్తాన్‌లో ఒక్కొక్కరూ ముందుకొచ్చి మూడేసి దోసిళ్ల మట్టి వేస్తారు. కొడుకు వేస్తాడు, ఊరి పెద్ద వేస్తాడు, తాపీమేస్త్రీ వేస్తాడు. తర్వాత అందరూ ఒకే నల్లా దగ్గర చేతులు కడుక్కుంటారు. గోళ్ల సందున ఎర్ర చల్క సాయంత్రం దాకా పోదు.