ఒక్క పాఠం విన్న విద్యార్థి

మెరీనా తీరాన ప్రెసిడెన్సీ కాలేజీ: 1906లో అచ్చయిన ఐదు పేజీల కథ

ప్రెసిడెన్సీ కాలేజీ మీద ముఖచిత్ర కథనం, బుధవారం సాయంత్రానికల్లా కావాలన్నారు ఎడిటర్ గారు. ఆయన మనసులో ఏముందో ఊహించుకోవచ్చు. బీచి రోడ్డు మీంచి కనిపించే గుమ్మటం, నాలుగు ముఖాల గడియారం, రాజాజీ మొదలుకొని పెద్దల పేర్ల వరస. అవీ ఉన్నాయి, ముందు ముందు వస్తాయి. కానీ పాత సంగతులు తిరగేస్తూ పోతే నన్ను పట్టి ఆపేసింది మాత్రం ఐదే ఐదు పేజీల వ్యాసం. లండన్ నుంచి వెలువడే ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’ 1906 నవంబరు సంచికలో 494వ పేజీ నుంచి 498వ పేజీ దాకా ఉంది. దీర్ఘచతురస్రపు సందులోంచి వచ్చే కాంతి అటూ ఇటూ సమానం కాని పట్టీలుగా ఎందుకు పరుచుకుంటుందన్నది అందులోని విషయం. రాసినవాడు ప్రెసిడెన్సీలో ఎం.ఎ. చదువుతున్న సి.వి. రామన్. ఆ నెలలోనే అతనికి పద్దెనిమిదేళ్లు నిండాయి.

ఒక కాలేజీ విద్యార్థికి ఏమిచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం కనపడలేదు. అందుకే ఈ కథనంలో సింహభాగం ఆ కాగితానిదే.

ప్రిజం ముఖం మీద

ఫిజిక్స్‌తో డిగ్రీ చదివిన వాళ్లెవరికైనా ఈ ప్రయోగం తెలుసు. బల్ల మీద స్పెక్ట్రోమీటరు, మధ్యలో ప్రిజం, ఒక పక్క కొలిమేటరు, మరో పక్క టెలిస్కోపు. ప్రిజం ముఖం మీద పడి తిరిగొచ్చే కాంతిని టెలిస్కోపులో పట్టుకుని, స్కేలు మీద అంకె చూసి, ప్రిజం కోణం కట్టాలి. రీడింగులు రాసుకుని, లెక్క వేసి, రికార్డు మీద సంతకం పెట్టించుకుంటే ఆ రోజుకి పని అయిపోయినట్టే. వెలుగు గీత పక్కన ఇంకేమైనా కనబడుతోందా అని చూడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. చూసినా మార్కులు కలవవు.

రామన్ చూశాడు. కాంతి ప్రిజం ముఖాన్ని దాదాపు రాసుకుంటూ ఏటవాలుగా పడినప్పుడు, తిరిగొచ్చిన గీతకు రెండు పక్కలా చీకటి వెలుగుల పట్టీలు కనిపించాయి. పట్టీలు రావడం వింత కాదు. సన్నని సందులోంచి వెళ్లిన కాంతి అలా విచ్చుకుంటుందని పుస్తకాల్లో ఉన్నదే. అయితే పుస్తకాల్లోని పట్టీలు రెండు వైపులా ఒకే కొలతలో ఉంటాయి. ఇక్కడ ప్రిజం ముఖానికి దగ్గరగా ఉన్న వైపు పట్టీలు వెడల్పుగా, అవతలి వైపువి ఇరుగ్గా ఉన్నాయి. ప్రిజం ముఖమే ఒక దీర్ఘచతురస్రపు సందులా పనిచేస్తోంది. దాన్ని పక్కవాటుగా చూసేకొద్దీ దాని వెడల్పు తగ్గినట్టవుతుంది. సందు ఎంత ఇరుకైతే పట్టీలు అంత వెడల్పవుతాయి. కాబట్టి ముఖం వైపు ఉన్నవి విచ్చుకుంటాయి. అతను ఈ సంగతి గమనించి వదిలిపెట్టలేదు. పట్టీలను కొలిచాడు, లెక్క కట్టాడు, రెండూ కలుస్తున్నాయని చూపించాడు.

వ్యాసం రాసి ప్రొఫెసర్ రిచర్డ్ లెవెలిన్ జోన్స్ చేతికిచ్చాడనీ, నెలలు గడిచినా ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే తనే నేరుగా లండన్‌కి పంపేశాడనీ రామన్ జీవిత చరిత్రలు చెబుతాయి. పరిశోధన అన్నది ఆనాటి డిగ్రీ చదువులో భాగం కాదు. అతనికి గైడు లేడు, గ్రాంటు లేదు. ఆ పని చెయ్యమన్నవాళ్లూ లేరు. ఆ ఖాళీయే అతనికి కలిసొచ్చిందని నా నమ్మకం.

వాల్తేరు నుంచి వచ్చిన కుర్రాడు

రామన్ మద్రాసు వచ్చింది విశాఖపట్నం నుంచే. తండ్రి చంద్రశేఖరయ్యర్ అక్కడి మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవారు. కొడుకు పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్, పదమూడేళ్లకే ఎఫ్.ఎ. ముగించాడు. 1903లో ప్రెసిడెన్సీ బి.ఎ. క్లాసులో అడుగుపెట్టేసరికి పద్నాలుగేళ్లవాడు. తొలిరోజు ఇంగ్లిష్ ప్రొఫెసర్ ఎలియట్ ఆ చిన్న ఆకారాన్ని చూసి, నువ్వు ఈ క్లాసు విద్యార్థివేనా అని అడిగారట. 1904లో బి.ఎ. అయ్యేసరికి ఫస్టు ర్యాంకు అతనిదే. ఫిజిక్సుతో పాటు ఇంగ్లిషులో కూడా బంగారు పతకం అందుకున్నాడు.

ఇంకో సంగతి ఉంది. ఎం.ఎ. చదివిన రెండేళ్లలో తను విన్న పాఠం ఒకే ఒక్కటని రామనే తరవాతి కాలంలో చెప్పుకున్నారు. అది ఫాబ్రీ-పెరో ఇంటర్‌ఫెరోమీటరు మీద జోన్స్ చెప్పిన పాఠం. మిగిలిన కాలమంతా ల్యాబూ, పుస్తకాలూ. ఇవాళ మన డిగ్రీ కాలేజీలో ఇలాంటి విద్యార్థి ఉంటే 75 శాతం హాజరు లేదని పరీక్షకు కూర్చోనివ్వరు. అందరినీ అలా వదిలెయ్యమని నేను అనను. కానీ వదిలెయ్యదగ్గ ఒక్క పిల్లవాణ్ణి గుర్తుపట్టి, అతని దారికి అడ్డురాకపోవడం కూడా బోధనే. లెవెలిన్ జోన్స్ పేరు ఈ దేశంలో ఎక్కువమందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

ల్యాబులో అతనొక్కడే తలమునకలై ఉండేవాడనీ కాదు. తోటి విద్యార్థి వి. అప్పారావుకి ఒక ధ్వని ప్రయోగంలో అంకెలు పొసగక చిక్కు వచ్చింది. దాన్ని విప్పింది రామనే. ద్రవాల తలతన్యత కొలవడం మీద అతని రెండో వ్యాసం అదే పత్రికలో 1907లో వచ్చింది. భౌతిక శాస్త్రంలో అంతటి పేరున్న లార్డ్ రేలీ ఇతనికి ఉత్తరం రాస్తూ ‘ప్రొఫెసర్’ అని సంబోధించారు. అవతల ఉన్నది మీసాలు సరిగా రాని విద్యార్థి అని ఆయన ఊహించలేదు.

ఆ తరవాతి మలుపు నాకు కష్టంగా ఉంటుంది. ఇంగ్లండు పంపి పై చదువు చదివించాలని జోన్స్ పట్టుబట్టారు. అక్కడి చలికి ఈ బక్కపలచటి ఒళ్లు తట్టుకోదని సర్జన్ తేల్చేశారు. రామన్ ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాసి మొదటి స్థానంలో నిలిచి, 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరాడు. పదేళ్లపాటు పగలు లెక్కల పద్దులు చూసి, ఆఫీసు వేళకు అటూ ఇటూ ఒక సంఘం ల్యాబులో ప్రయోగాలు చేసుకున్నాడు. ప్రయోగాలు చేసుకోనిచ్చిన మద్రాసు, ప్రయోగాలతో బతికే ఉద్యోగం మాత్రం చూపించలేకపోయింది.

కాలేజీ చరిత్ర, క్లుప్తంగా

1840లో ఎగ్మూరులోని ఎడింబరో హోమ్‌లో ఒక బడిగా మొదలైంది. పోఫమ్స్ బ్రాడ్వేకి మారింది. 1855లో ప్రెసిడెన్సీ కాలేజీ అయింది. రెండేళ్లకు, 1857లో, మద్రాసు యూనివర్సిటీ వచ్చింది. 1864లో భవనానికి డిజైన్ల పోటీ పెడితే రాబర్ట్ చిషోమ్ గెలిచారు. 1870లో ఎడింబరో డ్యూక్ ప్రారంభించారు. గడియారానికి ఇక్కడ ప్రిన్సిపల్‌గా చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు ఫైసన్ పేరు పెట్టారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఆంధ్ర జిల్లాల కాలేజీలన్నీ మద్రాసు యూనివర్సిటీ కిందివే. 1909లో ఇక్కడ ఫిలాసఫీ చెప్పడానికి చేరిన యువ అధ్యాపకుడే సర్వేపల్లి రాధాకృష్ణన్. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన యల్లాప్రగడ సుబ్బారావు ఇంటర్మీడియట్ ఇక్కడే చదివి మెడికల్ కాలేజీకి వెళ్లారు. 2023 జాతీయ ర్యాంకుల్లో దేశంలోని కాలేజీలన్నిటిలో దీనిది మూడో స్థానం.

అన్న కొడుకు

రామన్ అన్నగారి అబ్బాయి సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1925లో ఇదే కాలేజీలో చేరాడు. 1928లో జర్మన్ భౌతిక శాస్త్రజ్ఞుడు సోమర్‌ఫెల్డ్ మద్రాసు వచ్చినప్పుడు హోటలు గదికి వెళ్లి కలిశాడు. నువ్వు నా పుస్తకంలో నేర్చుకున్న ఫిజిక్స్ పాతబడిపోయిందని చెప్పి, ఆయన తన కొత్త వ్యాసం ప్రూఫులు చేతిలో పెట్టారు. ఏడాది తిరిగేసరికి చంద్రశేఖర్ వ్యాసం రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. 1930లో ఇంగ్లండు వెళ్లే ఓడలోనే తెల్లమరుగుజ్జు నక్షత్రాల లెక్క వేశాడు. బాబాయికి నోబెల్ వచ్చింది ఆ ఏడే. అబ్బాయికి 1983లో వచ్చింది. ఆయన పెళ్లాడిన లలిత కూడా ఇక్కడి ఫిజిక్స్ విద్యార్థినే.

బీచి వైపు నిలబడ్డ విగ్రహం

రామన్ చేరిన 1903లోనే తమిళ పండితులుగా ఉ.వే. స్వామినాథయ్యర్ వచ్చారు. తాళపత్రాల కోసం ఊరూరా తిరిగి సంగ సాహిత్యాన్ని అచ్చువేయించిన ‘తమిళ తాత’ ఆయనే. 1919 దాకా ఇక్కడే పనిచేశారు. 1948లో కాలేజీ ఆవరణలో ఆయన విగ్రహం పెట్టారు.

మన పండితులు

బళ్లో ‘మిత్రలాభం’ చదివిన తెలుగువాళ్లంతా ఈ కాలేజీకి ఎంతో కొంత బాకీ. పరవస్తు చిన్నయసూరి ఇక్కడి తెలుగు పండితులు. అంతకుముందు పచ్చయ్యప్ప బడిలో చెప్పేవారు. ఆయన ‘నీతిచంద్రిక’ 1853లో, ‘బాలవ్యాకరణం’ 1858లో వచ్చాయి. గిడుగు, గురజాడ తిరగబడిన గ్రాంథికానికి కొలబద్ద ఈ వ్యాకరణమే. నేను వాడుక భాష పక్షం. అయినా బాలవ్యాకరణం సూత్రాల పొదుపు చూసినప్పుడల్లా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. సూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆగిపోయారు. మిగిలిన కథలను కందుకూరి వీరేశలింగం, కొక్కొండ వెంకటరత్నం పంతులు విడివిడిగా చేపట్టారు. వారిలో కొక్కొండ కూడా ప్రెసిడెన్సీలో తెలుగు పండితులుగా పనిచేసినవారే.