పాత పుస్తకం – నాలుగు బోర్లు

‘పుస్తకం హస్తభూషణం’ అని పెద్దలన్నారు. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే వెంటనే కళ్లకద్దుకునే అలవాటు మనలో ఎవరికి లేదు? అటువంటి పుస్తకాన్ని బ్లేడుతో కోసి, పేజీలు ఒకదానికొకటి అంటించి, మీద మట్టి పూసి ‘ఇదీ ఒక కళే’ అంటే మీరు నవ్వవచ్చు, కోపగించుకోవచ్చు కూడా. మా నాయిన కోపగించుకున్నాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ పని ఏమిటి, ఎట్లా చేయాలి, సైన్సు చదివేవాడికి దీనితో ఏం పని అన్నది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పనికిరాకుండా పోయిన అచ్చు పుస్తకాన్నే ముడిసరుకుగా తీసుకుని, దాని పేజీల మీద రంగులు వేసి, కోసి, మడిచి, గుడ్డ, దారం, గింజ, ఆకు, మట్టి వంటివి అతికించి కొత్త వస్తువుగా తయారు చేయడాన్ని ఇంగ్లీషు వాళ్లు ‘ఆల్టర్డ్ బుక్’ అంటారు. మనం ‘మారురూపు పుస్తకం’ అనుకుందాం. ఇట్లా రకరకాల వస్తువులు కలగలిపి చేసే పనికి ‘మిక్స్‌డ్ మీడియా’ అని పేరు.

ఇందులో అందరికన్నా పేరు పొందినవాడు టామ్ ఫిలిప్స్ అనే ఇంగ్లండు చిత్రకారుడు. 1966లో లండన్‌లో ఒక పాత సామాన్ల కొట్లో మూడు పెన్నీలకు ఒక నవల కొన్నాడు. అది 1892లో అచ్చయిన, అందరూ మరచిపోయిన పుస్తకం. ప్రతి పేజీ మీద బొమ్మ వేస్తూ, అక్కడక్కడ కొన్ని మాటలు మాత్రం కనబడేట్టు వదిలాడు. మిగిలిన ఆ మాటలు కలిపి చదివితే వేరే కథ వస్తుంది! ‘ఎ హ్యూమ్యుమెంట్’ అని పేరు పెట్టి, ఏభై ఏళ్లు దాని మీదే పని చేస్తూ, 2016లో చివరి కూర్పు తెచ్చాడు. 2022లో చనిపోయాడు.

పుస్తకాన్ని మార్చడం ఆయనతోనే మొదలు కాలేదు. 10వ శతాబ్దంలో తోలు మీద రాసుకున్న ఆర్కిమిడీస్ గణిత గ్రంథాన్ని 13వ శతాబ్దంలో ఎవరో గీకి, ఆ తోలును మడిచి, దాని మీద ప్రార్థనలు రాసుకున్నారు. తోలు ఖరీదు అట్లాంటిది మరి. 1906లో హైబర్గ్ అనే పండితుడు ప్రార్థనల కింద ఉన్న గణితాన్ని గుర్తుపట్టాడు. ఈ శతాబ్దంలో స్టాన్‌ఫర్డ్‌లో ఎక్స్ కిరణాలు పంపి, సిరాలోని ఇనుము ఆధారంగా చెరిగిన అక్షరాలు చదివారు. ఇక్కడ మనకొక హెచ్చరిక ఉంది. మనం పనికిరాదని గీకేసేది రేపు ఎవరికో కావలసినది కావచ్చు.

అందుకని మొదటి నియమం: ఏ పుస్తకం మార్చవచ్చు? లైబ్రరీది, ఇతరులది, అరుదైనది, చేతిరాతలో ఉన్నది ముట్టకూడదు. సిలబసు మారి, కొనేవాడు లేక, కిలోల లెక్కన తూకానికి వచ్చినదే మనకు తగినది. చౌటుప్పల్‌లో హైవే పక్కన పాత సామాన్ల దుకాణంలో నాకు దొరికింది తెలుగు మాధ్యమపు పాత రసాయన శాస్త్రం, గట్టి అట్ట వేయించినది. ఇంకొక గంట ఆగితే అది కాగితం మిల్లుకు పోయే మూటలో ఉండేది.

రెండవది, దారంతో కుట్టిన పుస్తకమే తీసుకోవాలి. వీపున వట్టి జిగురుతో అంటించిన గైడ్లు రెండు సార్లు బార్లా తెరిస్తే పేజీలు రాలిపోతాయి. కుట్టిన పుస్తకంలో పెద్ద కాగితాన్ని మడిచి కుడతారు కనుక ప్రతి ఆకుకూ అవతలి వైపు ఒక జోడీ ఆకు ఉంటుంది. ఒకటి పీకితే దాని జోడీ కూడా ఊడుతుంది. కాబట్టి పీకకుండా, కుట్టు దగ్గర ఒక సెంటీమీటరు అంచు వదిలి బ్లేడుతో కోయాలి. మూడింటికి ఒక ఆకు చొప్పున తీసేయాలి. ఎందుకంటే తర్వాత అతికించే వస్తువులకు మందం కావాలి. లేకపోతే పుస్తకం మూతపడక నోరు తెరిచి కూర్చుంటుంది.

మూడవది జిగురు. బుక్ బైండింగు వాళ్ల మైదా జిగురే మేలు. ఒక గిన్నెడు మైదాకు అయిదు గిన్నెల నీళ్లు. ముందు చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద కలుపుతూ ఉండాలి. 60 – 70 డిగ్రీల దగ్గర స్టార్చి రేణువులు నీరు తాగి ఉబ్బి పగులుతాయి. తెల్లని నీళ్లు చిక్కబడి గాజులాగా మెరుస్తాయి. అప్పుడు దించాలి. పురుగు పట్టకుండా బైండింగు వాళ్లు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది కాపర్ సల్ఫేటు, విషం. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు. నేను అమ్మ చారు గిన్నెలో కలపబోయి చీవాట్లు తిన్నాను, న్యాయమే.

ఈ జిగురు కాగితాన్ని ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుంది? కాగితం సెల్యులోజు, మైదా స్టార్చి. రెండూ గ్లూకోజు గొలుసులే, కూర్పులోనే తేడా. రెండింటి నిండా ఉన్న హైడ్రాక్సిల్ గ్రూపులు ఒకదానినొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. చుట్టాలు చుట్టాలను గుర్తుపట్టినట్టు! రెండు మూడు ఆకులు ఇట్లా అంటించి, మధ్యలో ప్లాస్టిక్ కాగితం పెట్టి, బరువు కింద ఒక రాత్రి ఉంచితే అట్టముక్కలాంటి పేజీ వస్తుంది.

నేను ఈ పని చేస్తుంటే అరుగు మీద కూర్చున్న మా నాయనమ్మ నవ్వింది. “గిది మాకు తెల్వని పనా?” అన్నది. నిజమే. మా ఊళ్లల్లో ఆడవాళ్లు చిత్తు కాగితాలు, మెంతులు నానబెట్టి, రోట్లో రుబ్బి, ఆ ముద్దను వెదురు చాటకు పూసేవారు. చాట సందులు పూడిపోయి పిండి కారదు, ఏళ్ల తరబడి మన్నుతుంది. మెంతుల్లోని జిగటలో గెలాక్టోమన్నన్ అనే చక్కెర గొలుసు ఉంటుందని మన పుస్తకం చెప్తుంది. నాయనమ్మకు ఆ పేరు తెల్వదు, పని తెలుసు. కాగితం, వెదురు, గింజ – మూడు కలిసిన ఆ చాట మిక్స్‌డ్ మీడియా కాక మరేమిటి?

ఇంకా పెద్ద ఉదాహరణ చేర్యాల నకాషీ చిత్రాలు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నది. అక్కడి చిత్రకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, తెల్ల సుద్దమట్టి, బంక కలిపి పూత మీద పూత వేసి ఆరబెట్టి, దాని మీద ఎర్రని నేపథ్యంలో కులపురాణాలు గీస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, ఇట్లా ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ. కథ చెప్పేవాళ్లు ఆ పటం విప్పుతూ ఊరూరా పాడేవారు. రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో ముఖోటాలు కూడా చేస్తారు. మా చౌటుప్పల్‌కు దగ్గరి పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవాళ్లు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి తర్వాత రంగు వేస్తారు. బూడిదలోని క్షారం, నూనె కలిసి రంగు నూలును పట్టేట్టు చేస్తాయి. రైతు పారేసే కాయ తొక్కు కూడా కళకు ముడిసరుకే అని ఇందులో తెలుస్తున్నది.

చేర్యాల పద్ధతి చూసి నేను కూడా పేజీలకు చింతగింజల అంబలి, సుద్ద కలిపి పూత వేశాను. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించాలి. ఈ పూతకు ఇంకొక లాభం ఉంది. పాత కాగితం సిరా పాకకుండా ఉండడానికి తయారీలో పటిక, రజనం వేసేవారు. పటిక తేమ తగిలినప్పుడు ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం ఏళ్ల మీద సెల్యులోజు గొలుసులను తెంపుతుంది, అందుకే పాత పేజీ మడిస్తే విరుగుతుంది. సున్నపు సుద్ద, అంటే కాల్షియం కార్బనేటు, ఆ ఆమ్లాన్ని చంపుతుంది. అయితే బడిలో రాసే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి, అవి ఈ పనికి రావు. నిమ్మరసం చుక్క వేసి చూడండి. బుసబుస పొంగితే కార్బనేటే.

విచిత్రం చూడండి, కాగితాన్ని పాడుచేసే ఆ పటికే మా పాత నల్గొండ జిల్లా నీళ్లలో ఫ్లోరైడును తగ్గించడానికి పనికొచ్చింది. నాగపూర్‌లోని నీరీ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టి దానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే పెట్టారు. మా పాత జిల్లా పేరు లోకానికి తెలిసింది ఇట్లా!

ఇప్పుడు నా పుస్తకం సంగతి. మాకు అయిదెకరాల చెల్క ఉంది. అందులో నాలుగు బోర్లు వేశాము, నాలుగూ ఎండినయి. అప్పు మాత్రం ఎండలేదు. ఈ వేసవిలో నాయిన అయిదో బోరు మాట ఎత్తాడు. అప్పిచ్చే ఆయనను అడిగి వచ్చాడు కూడా. అమ్మ మాట్లాడ్డం మానేసింది.

బోరు వేసిన చోట్ల ఇప్పటికీ పొడి కుప్పలు ఉన్నాయి. ఒకనాడు పారతో ఒక కుప్పను నిలువుగా కోసి చూశాను. అడుగున ఎర్రమట్టి, దాని మీద మొరం, అన్నిటికీ పైన బూడిద రంగు రాతిపొడి. ఆలోచిస్తే అర్థమయింది. ముందు బయటికి వచ్చింది అడుగున పడింది, ఆఖరున వచ్చింది పైన పడింది. అంటే కుప్ప తలకిందులుగా పెట్టిన భూమి! నాలుగు కుప్పల నుండి పొరపొరకు పిడికెడు తెచ్చి, జల్లించి, తుమ్మబంక నీళ్లతో కలిపాను. బోరుకు రెండు పేజీల చొప్పున, పై పొర పైన, కింది పొర కింద వచ్చేట్టు పూశాను. ఆకుల మధ్యలో చదరంగా కోసి గూళ్లు చేసి, ఒక దాంట్లో కేసింగు పైపు ముక్క, ఒక దాంట్లో ఆ యేడు పండని పత్తి గింజలు పెట్టాను. ద్రావణాల పాఠంలో టామ్ ఫిలిప్స్ లాగా అన్నీ సుద్దతో మూసి ‘నీరు’, ‘కరగని’ అన్న రెండు మాటలు వదిలాను.

అప్పుడే నాయిన వచ్చాడు. “గిదేంది బిడ్డా? సదువుల తల్లిని కోస్తున్నవా? గిందుకేనా నిన్ను పట్నం పంపింది?” అని చేతిలోది లాక్కున్నాడు. నేనేమీ అనలేదు. ఆయన చదువు మూడో తరగతి వరకే. కాని మట్టి చదవడం ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు.

“రెండో బోర్ల తొంబై అడుగుల కాడ తడి మట్టొచ్చింది గద. గది ఏడ వెట్టినవ్?”

కుప్పలో తడి ఆరిపోయి ఉంటుంది, నాకు తెలియలేదు. ఆయనే పొలానికి పోయి, ఆ రంగు పొర ఏదో వెతికి, కొంగు గుడ్డలో కట్టుకుని తెచ్చాడు. మేమిద్దరం కలిసి దాన్ని సరైన చోట పూశాము. అప్పుడు నాలుగు బోర్లనూ పక్కపక్కన చూసి నాకు తెలిసింది చెప్పాను. మాది గ్రానైటు నేల. నీరు ఉండేది పైన శిథిలమైన మొరంలోనూ, కింద రాతి పగుళ్లలోనూ. ఆ రెంటినీ దాటి వట్టి గట్టి రాయిలోకి ఎన్ని వందల అడుగులు దిగినా లోతుకు ఖర్చే తప్ప నీటికి హామీ లేదు. మా నాలుగు బోర్లలో మూడింటికి కింది సగమంతా ఒకటే బూడిద రంగు. పేజీ మీద అది చెప్పకుండానే కనబడుతున్నది.

“పుస్తకం జూసి బోరెయ్యరు బిడ్డా,” అన్నాడు నాయిన. కాసేపాగి, “భూగర్భ జలాలోళ్లు వచ్చి చూస్తరంట గద, దరఖాస్తు ఎట్ల వెట్టాల్నో అడుగు,” అన్నాడు. దరఖాస్తు నేనే రాశాను. వాళ్లు ఇంకా రాలేదు. అయిదో బోరు సంగతి ఇంకా తేలలేదు. కాని ఆ రాత్రి అమ్మ మాట్లాడింది, రాతిపొడి పేజీని వేలితో తడిమి, “లక్ష రూపాలు గింత పొడి అయినయి,” అన్నది.

మిత్రులారా, ఈ కళ నేర్చుకుంటే నీళ్లు పడతాయని నేను చెప్పడం లేదు. మన లెక్కలు, మన నష్టాలు ఇంట్లో అందరి కళ్ల ముందు ఒక్కచోట పెట్టుకుని మాట్లాడుకునే సాధనంగా నాకిది పనికొచ్చింది. మీ ఇంట్లో ఏముందో మీకు తెలుసు. మగ్గం పోగులు, బీడీ ఆకు, బస్సు టికెట్లు, అమ్మమ్మ రవికె ముక్క ఏదైనా సరే. కావలసింది ఒక పాత పుస్తకం, బ్లేడు, స్టీలు స్కేలు, మైదా జిగురు, ఓపిక. మొదటి పుస్తకం చెడిపోతుంది, నాదీ చెడిపోయింది, జిగురు నీళ్లయి పేజీలన్నీ వంకర్లు పోయాయి. రెండోది నిలబడుతుంది.

ఆసక్తి ఉన్నవాళ్లు హాస్టలుకు వచ్చి నా పుస్తకం చూడవచ్చు. ఒక్క మనవి. పేజీలు మెల్లగా తిప్పండి. నాయిన తెచ్చిన మట్టి ఇంకా పూర్తిగా గట్టిపడలేదు.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, చౌటుప్పల్