ఇనుముకు నికెల్ కవచం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంగా ప్రసిద్ధి చెందినది. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వే నెలకొల్పిన కర్మాగారంలో పనిచేయడానికి దేశం నలుమూలల నుండి వచ్చినవారితోపాటు తెలుగు కుటుంబాలు కూడ అనేకం ఇక్కడ స్థిరపడినాయి. యంత్రభాగాలను మరమ్మతు చేసే శ్రామికునికి ఎక్కడైనా శత్రువులు రెండే: అరుగుదల, తుప్పు. ఈ రెండింటినీ నిరోధించగల ఒక పూతపై అదే పట్టణంలోని భారత సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధన జరిగినది.

విద్యుత్తుతో నికెల్ పూత వేయడం కొత్త కాదు. 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు వాట్స్ రూపొందించిన ద్రావణం నేటికీ వాడుకలో ఉన్నది. నికెల్ సల్ఫేటు, నికెల్ క్లోరైడు, బోరిక్ ఆమ్లం కరిగించిన నీటిలో నికెల్ పలకను ధనధ్రువంగాను, పూత వేయవలసిన వస్తువును ఋణధ్రువంగాను అమర్చి విద్యుత్తును ప్రసరింపజేస్తారు. నికెల్ అయానులు వస్తువును చేరి లోహంగా పేరుకుంటాయి. ఒక ఆంపియరు విద్యుత్తు గంటసేపు పూర్తిగా ఈ పనికే వినియోగమైతే సుమారు 1.1 గ్రాముల నికెల్ పేరుకుంటుంది.

అయితే ఈ కవచానికి ఒక బలహీనత ఉన్నది. జింకు పూత తాను క్షయించి ఇనుమును కాపాడుతుంది. నికెల్ అలా చేయజాలదు. పూతలో సూదిమొనంత రంధ్రమున్నా అక్కడి ఇనుము మరింత వేగంగా తుప్పు పడుతుంది. పైగా రాపిడికి తట్టుకొనేటంత కాఠిన్యం మామూలు నికెల్‌కు లేదు.

దీనికి విరుగుడుగా సిలికాన్ కార్బైడు, అల్యూమినియం ఆక్సైడు, సీరియం ఆక్సైడు వంటి పదార్థాల అతి సూక్ష్మ రేణువులను ద్రావణంలో కలుపుతారు. ఇవి 100 నానోమీటర్ల కంటె చిన్నవి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. పేరుకొంటున్న నికెల్‌లో చిక్కుకొన్న ఈ రేణువులు దాని స్ఫటికాలను పెద్దవిగా పెరగనీయవు. అందువల్ల పూత గట్టిపడుతుంది. రేణువులు సమంగా పరచుకొంటే రంధ్రాలు తగ్గి, తేమ లోనికి చొరబడే దారులు మూసుకొంటాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. రేణువు ఎంత చిన్నదైతే తోటి రేణువులతో గుంపుకట్టే స్వభావం అంత ఎక్కువ. అవి ఉండకట్టిన చోట పూతలో సందులు ఏర్పడి, కవచమే లోపమవుతుంది. అందుచేత ద్రావణాన్ని ఎడతెగక కలియబెడతారు, అతిధ్వనులను ప్రయోగిస్తారు, సబ్బువలె తలతన్యతను తగ్గించే పదార్థాలను చేరుస్తారు. ఖరగ్‌పూర్ పరిశోధకులు 2010లో ప్రచురించిన వ్యాసం సీరియం ఆక్సైడు రేణువులపై ఇటువంటి పదార్థాల ప్రభావాన్ని గురించినదే. ద్రావణపు ఉష్ణోగ్రత స్ఫటికాల పరిమాణాన్ని ఎట్లు మార్చునో కూడ వారు ఆ తరువాత పరిశీలించినారు.

ఎంత పొడి కలిపినామన్నది కాదు, అది ఎంత సమంగా పరచుకొన్నదన్నదే ఈ పూతకు ప్రాణం. అది కుదిరితే, అరిగిపోయిందని పారవేయవలసిన యంత్రభాగం మరికొన్ని సంవత్సరాలు పనికి వస్తుంది.