యాక్షన్ కెమెరా: పెట్టెమీది అంకె, లోపలి పనితనము

ట్రాన్సిస్టరు రేడియోలు కొత్తగా వచ్చిన దినములలో జరిగిన ఒక ముచ్చటతో ఈ ప్రసంగమును ఆరంభింతుము. 1954లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన మొదటి ట్రాన్సిస్టరు రేడియోలో నాలుగు ట్రాన్సిస్టర్లు మాత్రమే ఉండెడివి. 1960ల నాటికి ఆరు, ఎనిమిది, పది అని పెట్టెలపై అంకెలు పెరిగినవి. అంకె పెద్దదైనకొలది రేడియో మేలైనదని కొనువారు నమ్మిరి. ఆ నమ్మకమును కనిపెట్టిన కొందరు తయారీదారులు ఏ పనియు చేయని ట్రాన్సిస్టర్లను సైతము లోపల అతికి లెక్క పెంచిరి. పాటలో మాధుర్యము పెరుగలేదు. పెట్టెపై అంకె మాత్రము పెరిగినది.

నేడు అదే కథ యాక్షన్ కెమెరాల విషయమున జరుగుచున్నది. అరచేతిలో ఇమిడిపోవు ఈ చిన్న కెమెరాను తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పడుచువారును కోరుచున్నారు. సుమారు మూడువేల రూపాయలు మొదలు పదివేల వరకు వెలగల రకములు అంగళ్లలోను, ఇంటికి తెచ్చియిచ్చు అమ్మకములలోను దొరకుచున్నవి. వానిలో పెక్కింటి పెట్టెలపై ‘4కె’ అను ముద్ర పెద్ద అక్షరములతో కనబడును. ఆ ముద్రను చూచి కొనుట తగునా? తగనిచో దేనిని చూచి కొనవలెను? మేము విచారింపదలచినది ఇదియే.

ముందుగా ఈ వస్తువు ఎందులకు పుట్టినదో తెలిసికొనుట మంచిది. గోప్రో సంస్థను 2002లో స్థాపించిన నిక్ వుడ్‌మన్ అను అమెరికనునకు సముద్రపు అలలపై పలకమీద జారు క్రీడయందు మక్కువ. అలమీద నిలిచినవానికి రెండు చేతులును కావలెను. కెమెరా పట్టుటకు మూడవ చేయి లేదు. అందువలన మణికట్టునకు కట్టుకొనదగిన కెమెరాను అతడు 2004లో విపణికి తెచ్చెను. ఆ మొదటిది ఫిల్ము చుట్ట వేసి ఫోటోలు తీయునదే. చలనచిత్రములు తీయు రకములు తరువాత వచ్చినవి. పిమ్మట ఇతర దేశముల సంస్థలు తక్కువ వెలకు అట్టివానిని చేయసాగినవి. వెల ఎంతయైనను మూలసూత్రము మారలేదు. చేతులు ఖాళీలేనిచోట, కుదుపుగల చోట, నీరును దుమ్మును ఉన్నచోట పనిచేయుటకే యాక్షన్ కెమెరా ఏర్పడినది.

కావున మొదటి ప్రశ్న ‘ఏ కెమెరా?’ అని కాక ‘ఏ పనికి?’ అని వేసికొనవలెను. తెనాలిలో నాటక ప్రదర్శనమును పదవ వరుసలో కూర్చుండి తీయుటకు దీనిని కొన్నచో నిరాశయే మిగులును. దీని కన్ను మిక్కిలి వెడల్పైనది; దగ్గరి వస్తువును, చుట్టునున్న ప్రదేశమును ఒకేసారి చూపును గాని దూరపు వస్తువును చీమవలె చూపును. పెండ్లి పందిరికి, పుట్టినరోజునకు ఇంటిలోని చేతి ఫోను చాలును. సైకిలుపై, మోటారు సైకిలుపై, పడవలో, సముద్రములో వాడువారికే ఈ కెమెరా అక్కరకు వచ్చును.

ఇక పెట్టెమీది అంకె సంగతి. బొమ్మ చుక్కల కూడిక. హెచ్‌డి అనబడు బొమ్మలో అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి సుమారు 20 లక్షల 70 వేల చుక్కలుండును. 4కె బొమ్మలో 3840, 2160 చొప్పున సుమారు 83 లక్షలుండును. అనగా నాలుగు రెట్లు. అన్ని చుక్కలను నిజముగా చూడగల కన్ను, అనగా సెన్సారు, కెమెరాలో ఉన్నచో ఆ ముద్ర సత్యమే. కాని చవుక రకములు కొన్నింటిలో సెన్సారు చూచునది 20 లక్షల చుక్కలనే. తక్కిన వానిని యంత్రము ప్రక్క చుక్కలను బట్టి ఊహించి పూరించును. దీనినే ఇంటర్‌పొలేషన్ అందురు. పాలలో నీరు కలిపిన కొలత పెరుగును గాని వెన్న పెరుగదు గదా! మరికొన్ని రకములు 4కె బొమ్మలను సెకనుకు పదియో పదునైదో మాత్రమే తీయును. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు వాడుక. అంతకు తగ్గినచో నడక తెగితెగి కనబడును.

దీనిని కనుగొనుటకు ఇంటిలోనే ఒక పరీక్ష కలదు. గోడకు పంచాంగపు పుట నొకదానిని అంటించి, నాలుగు అడుగుల దూరమున కెమెరాను కదలకుండ నిలిపి, ముందు హెచ్‌డిలోను, తరువాత 4కెలోను పది సెకనులు తీయవలెను. రెండింటిని పెద్ద తెరపై ఆపి, ఒకే ప్రమాణమునకు పెంచి చూచినచో, నిజమైన 4కెలో చిన్న అక్షరములు స్పష్టముగా తేలును. రెండును ఒకే విధముగా అలుకుకొనిపోయినచో అంకెను నమ్మి సొమ్మిచ్చితిమని తెలియును. మంచి హెచ్‌డి గల కెమెరా అబద్ధపు 4కె కెమెరాకంటె ఎన్నియో రెట్లు మేలు.

ఇప్పుడు మూడు ఊళ్ల అవసరములను వరుసగా చూతము. తెనాలి యువకుడు కాలువగట్టు బాటపై మోటారు సైకిలు నడుపుచు తీయదలచినాడనుకొందము. అతనికి ముఖ్యము కుదుపును అణచు శక్తి. దీనిని స్టెబిలైజేషన్ అందురు. లోపలి సూక్ష్మయంత్రము కెమెరా ఎటు ఊగినదో కొలిచి, బొమ్మను దానికి ఎదురుదిశకు జరుపును. జరుపుటకు చోటు కావలెను గనుక అంచులను కొంత కోసివేయును. అందుచే బొమ్మ వెడల్పు కొంచెము తగ్గును. అది లోపము కాదు. అయితే చవుక కెమెరాలు పెక్కింటిలో ఈ ఏర్పాటు హెచ్‌డిలోనే పనిచేయును, 4కెలో పనిచేయదు. ‘ఏ కొలతలో, సెకనుకు ఎన్ని బొమ్మలలో ఇది పనిచేయును?’ అని అడిగి తెలిసికొనవలెను. అంగడిలోనే కెమెరాను చేతబట్టి పది అడుగులు నడిచి, ఆ చిత్రమును అక్కడనే చూడవలెను. ఆ పది అడుగులు పెట్టెమీది పది ముద్రలకంటె విలువైనవి. శిరస్త్రాణమునకు కెమెరాను బిగించుట ప్రమాదకరము. పడినప్పుడు ఆ గట్టి ముక్క దెబ్బను తలకు చేర్చవచ్చును. ఛాతీకి కట్టు పట్టీయో, బండి చేతికమ్మికి బిగించు కొక్కెమో ఉత్తమము.

బాపట్లవారి సంగతి వేరు. వారికి సుమారు 9 కి.మీ. దూరమున సూర్యలంక సముద్రతీరము కలదు. అక్కడ పరీక్షించునవి నీరు, ఉప్పు, ఇసుక, గాలి. మా ఎరుకలోని ఒక కుటుంబమువారు కార్తిక పౌర్ణమినాడు అక్కడికి పోయి, కొత్తగా కొన్న చవుక కెమెరాతో ఇంటి పెద్దావిడ సముద్రస్నానమును తీసిరి. ఇంటికి వచ్చి చూడగా బొమ్మ అంతయు ఆవిరి పట్టిన అద్దమువలె ఉన్నది. ఆమె మనుమలతో పలికిన మాట ఒక్కటియు వినరాలేదు. మరుసటి కార్తికమునకు ఆమె లేదు. కెమెరా వెల తిరిగి సంపాదింపవచ్చును. ఆ ఉదయమును సంపాదింపలేము. ఆ నష్టమునకు కారణములు రెండు. రెండును ముందుగా నివారింపదగినవే.

మొదటిది ఆవిరి. చవుక కెమెరాలలో పెక్కు తమంతట నీటిని ఓర్వలేవు. వాని వెంట ఇచ్చు పారదర్శకపు డబ్బాయే వానికి రక్ష. తీరపు తేమగాలి డబ్బాలో చిక్కుకొని, కెమెరా వేడికి ఆవిరియై, బయట నీరు తగిలి చల్లబడిన గాజుపై మంచువలె పేరుకొనును. ఇంటిలో పొడిచోటనే డబ్బాను మూసి, తేమను పీల్చు సిలికా పొట్లమును లోపల ఉంచినచో ఈ చిక్కు చాలవరకు తగ్గును. డబ్బా అంచున ఉన్న రబ్బరు వలయముపై ఒక్క ఇసుకరేణువు, ఒక్క వెండ్రుక ఉన్నను నీరు లోపలికి పోవును. కావున కొన్నవెంటనే కెమెరా లేకుండ, కాగితపు రుమాలు మాత్రము లోపలనుంచి, డబ్బాను నీళ్ల బకెట్టులో అరగంట ముంచి చూడవలెను. కాగితము తడిసినచో డబ్బాను తిరిగి ఇచ్చివేయుట మేలు. సముద్రమునుండి వచ్చిన పిమ్మట డబ్బాను తెరువక మునుపే మంచినీటిలో కడుగవలెను. ఉప్పు ఎండినచో రబ్బరునకు, మీటలకు చేటు. డబ్బా లేకయే నీటిలో ముంచవచ్చునని చెప్పు రకములకు ఎన్ని మీటర్లు, ఎంతసేపు అని అడుగవలెను. ‘ఐపీఎక్స్ 7’ అను గుర్తుకు ఒక మీటరు లోతున అరగంట అని మాత్రమే అర్థము. అదియు మంచినీటి లెక్క.

రెండవది ధ్వని. రేడియో వినువారికి దీని విలువ చెప్పనక్కరలేదు. మూసిన డబ్బాలో మైకు ఉన్నప్పుడు మాట కుండలోనుండి వచ్చినట్లుండును. డబ్బా తీసినచో సముద్రపుగాలి మైకుపై కొట్టి హోరుమనును. మాట ముఖ్యమైనచోట ఒడ్డున, గాలికి వీపుబెట్టి, మైకు రంధ్రముపై చిన్న మెత్తటి స్పాంజి ముక్క నంటించి తీయవలెను. బయటి మైకును తగిలించు వీలు గల కెమెరా దొరకినచో, 4కె లేకున్నను దానినే ఎన్నుకొనుమని మా సలహా. సూర్యలంకలో వైమానికదళ కేంద్రము కలదు. ఆ వైపునకు కెమెరాను త్రిప్పరాదు. స్నానము చేయు ఇతరులను వారి అనుమతి లేక తీయుటయు మర్యాద కాదు.

రేపల్లె ప్రాంతమువారికి కృష్ణానది ముఖద్వారము, మడ అడవులు, నిజాంపట్నము రేవు దగ్గరివి. వేకువనే పడవనెక్కి ప్రొద్దుగ్రుంకువరకు నీటిపై ఉండువారికి మూడు విషయములు ముఖ్యములు. ఒకటి వెలుతురు: చిన్న సెన్సారు మధ్యాహ్నమున బాగుగ చూచును గాని వేకువ మసకలో బొమ్మను గరుకుగ చేయును. కావున అంగడి దీపముల క్రింద కాక సంజవేళ తీసిన నమూనా చూపుమని కోరవలెను. రెండవది బ్యాటరీ: చవుక కెమెరాలో ఒక బ్యాటరీ గంట, గంటన్నర మించి నడుచుట అరుదు. బ్యాటరీని ఊడదీసి మార్చుటకు వీలున్న రకమునే కొనవలెను. రోహిణి కార్తె ఎండలో కెమెరా వేడెక్కి తనంతట ఆగిపోవచ్చును. ఆగివచ్చి తీయుట, నీడన ఉంచుట అలవరచుకొనవలెను. మూడవది తేలుట: ఈ కెమెరా నీట మునుగును. తేలెడు పిడి, మణికట్టు త్రాడు లేనిదే పడవ ఎక్కరాదు.

మెమరీ కార్డు విషయమున పొదుపు పనికిరాదు. 4కె తీయు కెమెరా సెకనుకు 60 మెగాబిట్ల చొప్పున వ్రాసినచో గంటకు 27 గిగాబైట్లు నిండును. 64 గిగాబైట్ల కార్డు రెండు గంటలకు పైగా వచ్చునన్నమాట. కార్డుపై యు3 లేక వి30 అను గుర్తుండవలెను. సెకనుకు 30 మెగాబైట్లకు తగ్గకుండ వ్రాయగలదని దాని భావము. పెద్ద అంకె ముద్రించి లోపల కొంచెమే చోటుంచిన నకిలీ కార్డులును కలవు. కొన్న దినముననే కార్డును పూర్తిగ నింపి, చివరి చిత్రము కూడ ఆడుచున్నదో లేదో చూడవలెను.

తుదకు సొమ్ము సంగతి. చేతిలో ఎనిమిదివేలున్నచో మొత్తమును కెమెరాకు పెట్టరాదు. నాలుగవవంతు మంచి కార్డునకు, రెండవ బ్యాటరీకి, త్రాడునకు మిగుల్చవలెను. పెట్టెపై గరిష్ఠ చిల్లర ధర, దిగుమతి వస్తువైనచో దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశము ఉండితీరవలెను. అవి లేనిచో వారంటీ మాట గాలిమాట. నీటివలన చెడినచో వారంటీ వర్తించునా అని వ్రాతలో చూచుకొనవలెను. రసీదు తప్పక పుచ్చుకొనవలెను. మోసము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 అను అంకెకు ఫోను చేయవచ్చును. వినియోగదారుల రక్షణకు 2019 నాటి చట్టము 2020 జూలైనుండి అమలులో ఉన్నది.

పనిచేయని ట్రాన్సిస్టరును పాత రేడియోలో పెట్టినవానికి ఒక్క నమ్మకము ఉండెడిది: కొనువాడు మూత తీసి చూడడని. మనము మూత తీయనక్కరలేదు. పంచాంగపు పుట, పది అడుగుల నడక, ఒక బకెట్టు నీరు, నిండిన కార్డు: ఈ నాలుగు పరీక్షలు చేసినచో చాలును. తిరిగి ఇచ్చుటకు గడువు మిగిలియుండగనే, యాత్రకు ముందే, ఇవి ముగియవలెను.