సీడీసీ ఉంటే దేశాలు తిరగొచ్చా?

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ డాక్‌లో వంతెన పైకి లేచి ఓడకు దారి ఇస్తుంటే వాట్‌గంజ్ వైపు లారీలు, ఆటోలు బారులు తీరి ఆగిపోతాయి. డెక్ మీది విదేశీ నావికుడు ఒడ్డున ఉన్నవాళ్లు పలకరించేంత దగ్గరగా కనిపిస్తాడు. అయినా అతను ఊళ్లోకి రావాలంటే ఇమిగ్రేషన్ అనుమతి కావాలి, గడువులోగా మళ్లీ ఓడెక్కాలి. ఇతర దేశాల్లో మన కుర్రాళ్ల పరిస్థితీ అంతే.

కానీ ఉద్దానం నుంచి విశాఖ దాకా ఓడ ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్లకు కొందరు ఏజెంట్లు ఒకే మాట నూరిపోస్తున్నారు: "సీడీసీ చేతికొస్తే వీసాతో పనిలేదు బాబూ. కాంట్రాక్టు అయ్యాక నచ్చిన దేశంలో దిగి నెల్లాళ్లు చూసి రావచ్చు." పచ్చి అబద్ధం. ఇది నమ్మి అప్పుచేసి లక్షలు కట్టేవాళ్లున్నారు.

సీడీసీ (కంటిన్యువస్ డిశ్చార్జ్ సర్టిఫికెట్) నావికుడి గుర్తింపు, సర్వీసు పుస్తకం. అది పాస్‌పోర్టుకు బదులు కాదు, వీసా అంతకన్నా కాదు. అమెరికా రేవులో కాలు పెట్టడానికే వీసా కావాలి. అక్కడ ఓడ సిబ్బందికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 29 రోజులు. దాన్ని పొడిగించరు, టూరిస్టు హోదాకు మార్చరు. సరదాగా దేశం చూడాలంటే బీ-2 వీసా వేరే తెచ్చుకోవాల్సిందే. యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో షోర్ లీవ్ మీద, అంటే ఓడ రేవులో ఉండగా ఒడ్డుకు వెళ్లే అనుమతితో, దిగినవాడు రేవు ఉన్న ఊరు, దాని పక్క మునిసిపాలిటీలు దాటకూడదు. రోటర్‌డామ్‌లో దిగి పారిస్ రైలెక్కితే చట్టం తప్పినట్టే. ఆస్ట్రేలియాకు ఓడ సిబ్బంది వీసా విడిగా ఉంది, అదీ విహారానికి కాదు.

సైన్ ఆఫ్ (కాంట్రాక్టు ముగించి ఓడ దిగడం) టికెట్‌ను కూడా విహారయాత్రగా చూపిస్తున్నారు. 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం కాంట్రాక్టు ముగిసిన నావికుణ్ణి ఇంటికి పంపే ఖర్చు ఓడ యజమానిది. ఆ టికెట్ ఇల్లు చేరడానికే! మధ్యలో జారుకుంటే పారిపోయినట్టు లెక్క. పట్టుబడితే నిర్బంధం, తిప్పి పంపడం, ఆపై ప్రతి వీసా దరఖాస్తులోనూ ఆ మచ్చ. ఉద్యోగం పోయాక ఏజెంటు ఫోన్ కూడా ఎత్తడు.

ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. షోర్ లీవ్‌కు వీసా అడగకూడదని ఓడల రాకపోకలను సులభం చేసే అంతర్జాతీయ ఒప్పందమైన 1965 నాటి ఫాల్‌లో ఉంది, చాలా దేశాలు పాటిస్తున్నాయి కూడా. కాబట్టి "వీసా లేకుండానే దిగాను" అనే సీనియర్ అబద్ధమాడటం లేదు. అయితే అతను చూసింది కొన్ని గంటల ఊరు, నెల రోజుల దేశం కాదు.

ఎందుకంటే ఓడ రేవులో వారాల తరబడి ఉండటం చాలావరకు కంటైనర్లు రాకముందు మాట.

నిజంగా చూడాలనుంటే సైన్ ఆఫ్‌కు ముందే కంపెనీకి రాసి, రాతపూర్వక అనుమతితో, టూరిస్టు వీసాతో, సొంత ఖర్చుతో ఆగండి. కుదరకపోతే ఇంటికొచ్చి మళ్లీ వెళ్లండి. ఏ ఏజెంటయినా పిలిస్తే ముందు డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో ఆర్‌పీఎస్ఎల్ (నావికుల నియామక సంస్థలకు ఇచ్చే లైసెన్సు) ఉందో లేదో చూడండి. లైసెన్సున్న సంస్థ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. అడిగినవాడికి ఇవ్వకండి.