వాడిన లాప్‌టాప్, ఫోను: కొనే ముందు, అమ్మే ముందు చేయవలసిన పరీక్షలు

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఐ.టి. కార్యాలయాలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా విస్తరించాయి. ఈ సంస్థలు ఉద్యోగులకు ఇచ్చే లాప్‌టాప్‌లను సాధారణంగా మూడు నాలుగేళ్లకు ఒకసారి మారుస్తాయి. పాతవి టోకు వ్యాపారుల చేతులు మారి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (అందరూ సి.టి.సి. అనేది దీన్నే) వంటి చోట్ల అమ్మకానికి వస్తాయి. తక్కువ ఖర్చుతో చదువు సాగించే విద్యార్థికి ఇవి మంచి బేరమే. ఆఫీసు వాడకానికి తయారైన మోడళ్లు గట్టిగా ఉంటాయి, విడిభాగాలూ దొరుకుతాయి.

కొనేవారు సాధారణంగా గీతలు, సొట్టలు, ఊడిన కీలు చూస్తారు. వాటికి ధర తగ్గించి అడగవచ్చు. కాని తాళం పడిన యంత్రం ఎంత చవకగా వచ్చినా దండగే. కార్యాలయాల నుంచి వచ్చిన యంత్రాల్లో అసలు చిక్కు ఇదే.

తాళం ఎలా పడుతుంది?

సంస్థలు తమ లాప్‌టాప్‌లను దూరం నుంచి అదుపులో ఉంచుకోవడానికి డివైస్ మేనేజ్‌మెంట్ విధానాన్ని వాడతాయి. విండోస్ యంత్రాలకు వాడే ఆటోపైలట్ ఇందుకు ఉదాహరణ. లాప్‌టాప్ గుర్తింపు వివరాలు సంస్థ పేరు మీద మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదై ఉంటాయి. డిస్కును చెరిపినా, కొత్తది వేసినా ఆ నమోదు పోదు. అమ్మే ముందు సంస్థే దాన్ని తొలగించాలి. ఉద్యోగం మానేసిన వ్యక్తి తిరిగి అప్పగించకుండా అమ్మేసిన లాప్‌టాప్ విషయంలో ఆ పని జరగదు. ఇంటర్నెట్ లేకుండా విండోస్ ఎక్కించి చూపిస్తే దుకాణంలో అంతా బాగానే కనిపిస్తుంది. కొన్ని నెలల తరువాత మీరు రీసెట్ చేసి వైఫైకి కలిపినప్పుడు, ఏదో సంస్థ పేరు తెరమీదికి వచ్చి దాని పాస్‌వర్డ్ అడుగుతుంది.

కాబట్టి అమ్మేవారి ఎదుటే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, సెటప్‌ను మొదటినుంచి పూర్తి చేయండి. గంట పట్టవచ్చు. ఆ గంట ఇవ్వని చోట కొనకండి. మ్యాక్‌బుక్‌లో రిమోట్ మేనేజ్‌మెంట్, యాక్టివేషన్ లాక్ తెరలు కనిపిస్తే అదీ ఇలాంటి తాళమే. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందేమో కూడా చూడాలి.

బ్యాటరీ, ప్రాసెసర్

కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ వదిలి స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తప్పటి సామర్థ్యం. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు మిగిలినది. 50,000కు 30,000 ఉంటే 60 శాతం మిగిలినట్లు. కొత్త బ్యాటరీ ఖర్చును బేరంలో తగ్గించుకోవచ్చు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా మూసుకోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అది ప్రమాదకరం, దాని జోలికి పోవద్దు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ యంత్రమైతే దాదాపుగా ఎనిమిదవ తరం ప్రాసెసర్ కావాలి. అంతకు ముందువి చవకగా దొరకడానికి ఇదొక కారణం.

ఫోను విషయంలో

ఫోనుకు ముందుగా అది దొంగ సొత్తు కాదని తేల్చుకోవాలి. *#06# నొక్కితే 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య వస్తుంది. ఇంగ్లీషులో కె.వై.ఎం. అని చుక్కలు లేకుండా టైపు చేసి, ఖాళీ వదిలి ఆ సంఖ్య వేసి 14422కు సందేశం పంపండి. బ్లాక్ లిస్టులో ఉందనో, నకిలీ సంఖ్య అనో, ఇప్పటికే వాడకంలో ఉందనో జవాబు వస్తే కొనవద్దు. తెర, స్పీకరు, కెమెరా, ఛార్జింగ్ సాకెట్ పరీక్ష ఆ తరువాతే.

అమ్మేవారు

ఫోను అమ్మేటప్పుడు ముందుగా గూగుల్ ఖాతా తొలగించి, తరువాత రీసెట్ చేయాలి. ఖాతా ఉండగానే రికవరీ మోడ్‌లో రీసెట్ చేస్తే కొన్నవారిని ఫోను మీ పాస్‌వర్డే అడుగుతుంది. వారికి మీరే దొంగలా కనిపిస్తారు. లాప్‌టాప్‌లో ఫైళ్లను రీసైకిల్ బిన్‌లో వేస్తే చెరిగినట్లు కాదు. రీసెట్‌లో అన్నీ తొలగించి, డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపిక తీసుకోవాలి. తెలిసిన లోపాలను రసీదు మీద రాసి ఇస్తే తరువాత తగవు రాదు.

అభ్యాసం: ఒక లాప్‌టాప్ డిజైన్ కెపాసిటీ 48,000, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 31,200. ఎంత శాతం సామర్థ్యం మిగిలింది? అమ్మకందారు హాట్‌స్పాట్‌కు కలపనివ్వకపోతే మీరేం చేస్తారు, ఎందుకు?